108 వెళ్లిన చోట్లు: మణుగూరు ప్రమాదాల పటానికి ప్రతిపదార్థం

‘మణుగూరు పట్టణంలో 108 హాజరైన రోడ్డు ప్రమాదాల పటం.’ చెప్పడానికి ఒక్క ముక్కే. గీయడానికి కూర్చుంటే మాత్రం ప్రతి మాట దగ్గరా ఆగి తేల్చుకోవాల్సిందే.

పట్టణం: మున్సిపాలిటీ హద్దు దగ్గర పటం ఆపేస్తే మణుగూరు సగం కూడా అందులోకి రాదు. సింగరేణి ఓపెన్‌కాస్టులు, 1,080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం, అశ్వాపురం భారజల కర్మాగారం చుట్టూ అల్లుకున్న ఊరిది. బొగ్గు లారీ, షిఫ్టు బస్సు, షేర్ ఆటో, పిల్లల్ని బడికి దింపే బైకు అన్నీ ఒకే రోడ్డు మీద నడుస్తాయి. కనుక పటానికి హద్దు ఆ రోడ్డే గానీ వార్డుల గీత కాదు.

108 హాజరైన: అసలు విషయమంతా ఇక్కడుంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఈ అంబులెన్స్ సేవ ప్రాణాలు కాపాడే బండిగానే అందరికీ తెలుసు. అది మోసుకొచ్చే సమాచారాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఫోన్ ఎప్పుడు వచ్చింది, బండి ఎప్పుడు కదిలింది, ఘటనాస్థలానికి, ఆసుపత్రికి ఎప్పుడు చేరింది అన్నవి నమోదవుతాయి. గాయం ఏమిటో ఈఎంటీ, అంటే బండిలో ఉండే అత్యవసర వైద్య సహాయకులు, రాసుకుంటారు. పోలీసు రికార్డు కేసు కట్టాకే మొదలవుతుంది. లారీ పక్కనుంచి పోతుంటే బైకు జారి కాలర్ బోన్ విరిగిన మనిషి ఇరువైపులా రాజీపడి ఇంటికి పోతే ఎఫ్ఐఆర్ ఉండదు, 108లో మాత్రం ఉంటుంది. మరణాలు చాలావరకు పోలీసు లెక్కకు ఎక్కినా గాయాలు పెద్ద ఎత్తున జారిపోతున్నాయని హైదరాబాద్‌లో జరిగిన పరిశోధనలే చూపాయి. ఒక మలుపులో పది మంది దెబ్బలు తిన్నాకే పదకొండోవాడు చనిపోతాడు. ఆ పది దెబ్బలనూ ముందే చూపగలిగేది ఈ పటం.

అయితే 108 వెళ్లనివీ ఉన్నాయి. సొంత కారులోనో దారినపోయే ఆటోలోనో ఎక్కించుకుపోయినవాళ్లు ఇందులో కనబడరు. కరకగూడెం, గుండాల వైపు అడవి పల్లెల్లో సిగ్నల్ అందక ఫోనే కలవని చోట చుక్కే పడదు. అక్కడి ఖాళీని క్షేమం అనుకుంటే ఆదివాసీలకు రెండోసారి అన్యాయం చేసినట్టే.

ఘటనాస్థలం: ‘ఓసీ (ఓపెన్‌కాస్టు) గేటు దాటాక కల్వర్టు దగ్గర’ అంటాడు ఫోన్ చేసినవాడు. పైలట్‌కు, అంటే బండి నడిపేవారికి, అది చాలు. పటానికి చాలదు. ఆ రోడ్డులో కల్వర్టులు ఎన్నో ఉంటాయి. బండి ఆగిన చోటు జీపీఎస్‌లో ఉంటే దాన్నే నమ్మాలి.

పటం: 1854లో లండన్ కలరా మరణాలను జాన్ స్నో పటం మీద గుర్తించి, అవి ఒక చేతిపంపు చుట్టూ గుమిగూడాయని చూపాడు. ఇక్కడ చుక్కతో పాటు గడియారమూ కావాలి. గనుల్లో ఉదయం 7, మధ్యాహ్నం 3, రాత్రి 11కు షిఫ్టులు మారతాయి. రాత్రంతా పనిచేసి నిద్రమత్తులో బైకెక్కినవాడూ, ఆలస్యమైందని పరుగెత్తేవాడూ ఒకే వేళ ఎదురుపడతారు. రోజు మొత్తాన్నీ కలిపి గీస్తే ఈ తేడా చెరిగిపోతుంది.

బ్లాక్‌స్పాట్: జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్ల మేరలో 3 ఏళ్లలో ప్రాణనష్టమో తీవ్ర గాయమో జరిగిన 5 ప్రమాదాలు, లేదా 10 మరణాలు ఉంటే కేంద్రం ఆ పేరు పెడుతుంది. ఊళ్ల మధ్య రోడ్డుకు ఇది పెద్ద కొలత. అంతమంది పోయేదాకా ఆగడం నాకు సమ్మతం కాదు.

గోల్డెన్ అవర్: గాయమైన మొదటి గంట. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో దీనికి నిర్వచనమే ఉంది. మణుగూరులో కుదరని చికిత్స కోసం భద్రాచలం పోవాలంటే అశ్వాపురం, సారపాక దాటి గోదావరి వంతెన ఎక్కాలి. అక్కడా కాకపోతే ఖమ్మమో వరంగలో. అందుకే ప్రతి ప్రమాదానికీ పటంలో రెండు చుక్కలు పెట్టాలి, పడిన చోటొకటి, చివరికి వైద్యం దొరికిన చోటొకటి. మధ్య గీత పొడవును బట్టి మణుగూరు ఆసుపత్రికి ఏ డాక్టరు, ఏ పరికరం కావాలో, షిఫ్టు మారే వేళకు 108 ఏ కూడలిలో నిలబడాలో నిర్ణయించాలి.