గ్రామ్యము : ఒక పారిభాషికపదము ప్రజాభిప్రాయమును నడపిన తీరు

వాదమున గెలుపునకు హేతువుకంటె ముందు పేరు అక్కఱకు వచ్చును. ప్రతిపక్షమునకు మనము పెట్టిన పేరు లోకమున నాటుకొనెనేని, తీర్పు ఆ పేరులోనే ఇమిడియుండును. పిమ్మట జరుగు చర్చ ఆ తీర్పునకు వ్యాఖ్యానము మాత్రమే అగును. ఇరువదవ శతాబ్ది తొలి పాదమున తెలుగుదేశమును కదల్చిన గ్రాంథిక వ్యావహారిక వివాదమును గూర్చి మనకు గ్రంథములు కొదవలేదు. ఆ వివాదమున ఎవరి పక్షము బలవత్తరమను ప్రశ్నను నేనిచట ఎత్తుకొనలేదు. ‘గ్రామ్యము’ అను ఒక్క పదము శాస్త్రమునుండి సభలోనికి ఎట్లు దిగినది, దిగి ప్రజల భాషాభిప్రాయమును, రాజకీయాభిప్రాయమును ఎట్లు నడపినది అనునదే ఇచట విచార్యము.

ఈ పదము మొదట అలంకారశాస్త్రమునకు చెందినది. దండి మాధుర్యగుణమును నిరూపించు సందర్భమున గ్రామ్యతను రసమునకు విఘాతకముగా చెప్పెను. వామనుడును మమ్మటుడును దానిని దోషములలో చేర్చిరి. అయినను విదూషకాదుల నోట గ్రామ్యత గుణమే అగునని మమ్మటుడు అంగీకరించెను. అనగా ఆలంకారికుల దృష్టిలో ఇది ఔచిత్యమునకు సంబంధించిన విషయము. ఒకచోట తగని మాట వేఱొకచోట తగియుండవచ్చును. పలికినవాని కులముతోగాని, ఊరితోగాని దానికి పని లేదు.

తెలుగు వ్యాకరణమున ఈ పదము స్వభావము మారినది. తెలుగు పదములను తత్సమ, తద్భవ, దేశ్య, గ్రామ్యములని విభజించు సంప్రదాయమున మొదటి మూడింటికి పుట్టుక ప్రమాణము. నాలుగవదానికి పుట్టుకతో నిమిత్తము లేదు. లక్షణమునకు విరుద్ధమగుటయే దాని గుర్తు. 1858లో బాలవ్యాకరణమును రచించిన పరవస్తు చిన్నయసూరి గ్రామ్యమును ఈ అర్థముననే నిర్వచించి, ఆర్యుల వ్యవహారమున కనబడినదానిని గ్రహింపవచ్చునని ఒక ద్వారమును తెఱచియుంచెను. బడులలో నిర్వచనము నిలిచినది, ద్వారము మూతపడినది. లక్షణము పూర్వకావ్యముల భాషనుబట్టి కట్టబడినది గనుక, కావ్యములలో లేని ‘వచ్చాడు’, ‘చేస్తున్నాను’ వంటి రూపములన్నియు తమంత తామే లక్షణవిరుద్ధములైనవి. అంతకు ఇరువదియేండ్ల ముందు, 1838లో అచ్చుపడిన ఏనుగుల వీరాస్వామి కాశీయాత్రచరిత్రమున చదువుకొన్నవారి వాడుక సంకోచము లేక నడచినది. మెకంజీకొఱకు సేకరింపబడిన కైఫీయతులలోను అట్టి తెలుగే కానవచ్చును. ఆ రచయితలు తాము తప్పుభాష వ్రాయుచున్నామని ఎఱుగరు. తప్పు తరువాతి పేరుతోడనే పుట్టినది.

శాస్త్రమున నిలిచిన ఈ పదమును రచ్చకెక్కించినది చదువుల సమస్య. బడిలో నేర్పు తెలుగునకును, బడివెలుపల వినబడు తెలుగునకును ఇంత దూరమేల అని పాఠశాలల తనిఖీ అధికారి జె. ఏ. యేట్సు అడుగగా, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు, విజయనగరమున గురజాడ అప్పారావుగారు, విశాఖపట్టణమున కళాశాలాధ్యక్షులగు పి. టి. శ్రీనివాస అయ్యంగారు ఆ ప్రశ్నను చేపట్టిరి. పరీక్షలలో స్వభాషావ్యాసమును ఏ తెలుగున వ్రాయవలెనను చిక్కు వచ్చినది. 1911లో జయంతి రామయ్య పంతులుగారి పూనికతో మద్రాసున ఆంధ్ర సాహిత్య పరిషత్తు వెలసి గ్రంథభాషకు అండగా నిలిచెను. సభలు, తీర్మానములు, ప్రభుత్వమునకు విజ్ఞప్తులు సాగినవి.

ఆ సభలలో కూర్చున్న సామాన్యులలో బాలవ్యాకరణము చదివినవారెందఱు? ‘లక్షణవిరుద్ధము’ అను శాస్త్రార్థము వారికి అందదు. ‘గ్రామ’ శబ్దము మాత్రము చక్కగా అందును. గ్రామ్యమనగా పల్లెటూరి మాట, పామరుని మాట, మోటు మాట అని వారు గ్రహించుట సహజము. ఇట్లు పదము మూడవ రూపు దాల్చినది. మొదట అది అనౌచిత్యము, పిదప నియమభంగము, ఇప్పుడు మనుష్యుల అంతస్తు. విచిత్రమేమనగా, చదువుకొన్న పట్టణవాసులు తమ ఇంట నిత్యము పలుకు మాటలే ఈ పేరుక్రింద పడినవి. సభలో గ్రామ్యమును ఖండించినవాడు ఇల్లు చేరి ఆ భాషలోనే మంచినీళ్లడిగెను. తన నోటి మాటకు తానే సిగ్గుపడు స్థితిని ఏ హేతువును కల్పింపలేదు. ఒక పేరు కల్పించినది.

మఱియొక విశేషము గమనింపదగినది. తెలుగును గూర్చిన ఈ వాదమున ముఖ్యపత్రములు ఇంగ్లీషున వ్రాయబడినవి. గ్రంథభాషను సమర్థించుచు రామయ్య పంతులుగారును, ఆధునికాంధ్రమును గూర్చి రామమూర్తి పంతులుగారును 1913లో తమ వాదములను ప్రకటించిరి. మద్రాసు విశ్వవిద్యాలయ సంఘమున అధికసంఖ్యాకులు గ్రంథభాషవైపు మొగ్గగా అప్పారావుగారు 1914లో తమ అసమ్మతిపత్రమును సమర్పించిరి. అచట పదములు మఱల వేషము మార్చినవి. గ్రాంథికము ‘క్లాసికల్’ అయి గ్రీకు లాటిను భాషల గౌరవమును అరువు తెచ్చుకొనినది. గ్రామ్యము ‘వల్గర్’ అయినది. ప్రతిపక్షము ‘మోడరన్’ అను మాటను చేపట్టి నవీనాంగ్లభాష ప్రతిష్ఠను తనవైపు త్రిప్పుకొనినది. తెలుగు లోతులు తెలియని అధికారికి ఈ పేర్లే ప్రమాణములు. వాటిలో ఏదియు తెలుగునుండి పుట్టినది కాదు.

రాజకీయమును ఇందుతో పెనవేసికొనినది. 1913లో బాపట్లయందు ప్రథమాంధ్రమహాసభ జరిగినది. వాడుకభాష జిల్లాకొక తీరున, కులమునకొక తీరున నుండుననియు, గ్రంథభాష యొక్కటే ఆంధ్రులందఱకు సమానమనియు గ్రాంథికవాదులు చెప్పిరి. ఇది తేలికగా త్రోసివేయదగిన వాదము కాదు. ప్రత్యేకరాష్ట్రమును కోరు జాతికి ఐకమత్యచిహ్నము కావలసియుండెను. అయినను దీని ఫలముగా గ్రామ్యమునకు భేదకారకమను అర్థచ్ఛాయ కూడ అంటినది. బాలునికి బోధపడు భాషలో పాఠము చెప్పవలెనన్న ఉపాధ్యాయుడు ఆంధ్రైక్యమునకు శత్రువుగా కానవచ్చెను. మొదటి ప్రశ్న పిల్లల చదువును గూర్చినది. పేర్ల సందడిలో పిల్లలు మరుగుపడిరి.

రామమూర్తి పంతులుగారు ఈ పేరును ఎదుర్కొనిన పద్ధతి రెండు విధములు. మొదటిది సాక్ష్యము. గ్రాంథికవాదుల రచనలలోనే లక్షణవిరుద్ధప్రయోగములను పట్టికలుగా కూర్చి, ఆ నిర్వచనము ప్రకారము గ్రామ్యము వ్రాయుచున్నవారెవరని వారు అడిగిరి. పూర్వవచనములనుండి వ్యావహారికరూపములను చూపి వాడుకకు వంశచరిత్రను కల్పించిరి. వారు సవరభాషను సవరలనుండియే నేర్చి, 1931లో దాని వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిన పండితులు. పుస్తకమన్నది లేని భాషకును దృఢమైన నియమములు గలవని స్వయముగా కనుగొనినవారికి, వ్రాతకెక్కనిది లక్షణహీనమను మాట నమ్మశక్యము కాకపోవుట ఆశ్చర్యము కాదు.

రెండవది క్రొత్త పేరు. ‘గ్రామ్యము’ ఉన్న చోట ‘వ్యావహారికము’ను, దానికి ముందు ‘శిష్ట’ శబ్దమును నిలిపిరి. 1919లో కందుకూరి వీరేశలింగం పంతులుగారి అధ్యక్షతన వర్తమానాంధ్ర భాషాప్రవర్తక సమాజము ఏర్పడినపుడు ‘వర్తమాన’ శబ్దమే దాని నామమున ముందు నిలిచినది. ఈ మార్పు ఫలించెను. వాడుకను సమర్థించువాడు ఇక మోటుదనమును సమర్థించువాడు కాడు, శిష్టుల పలుకును సమర్థించువాడు. పత్రికలు, కథలు, నాటకములు క్రమముగా ఆ త్రోవ పట్టినవి.

అయితే పరిశోధకుడు ఇచట ఆగరాదు. ‘శిష్ట’ శబ్దము గ్రామ్యమను గీతను చెఱిపివేయలేదు, దానిని జరిపినది. శిష్టులెవరు? ఆచరణమున కోస్తా జిల్లాలలోని విద్యావంతుల పలుకే ప్రమాణమైనది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిదప పాఠ్యపుస్తకములు, పత్రికలు, చలనచిత్రములు ఆ ప్రమాణమునే వ్యాపింపజేసినవి. తెలంగాణమువారి పలుకునకు ‘యాస’ అను పేరు నిలిచినది. ‘భాష’ ఒకరిది, ‘యాస’ ఇంకొకరిది అనునప్పుడు పూర్వపు గ్రామ్యశబ్దము చేసిన పనియే మఱల జరిగినది. తెరపై తమ పలుకు హాస్యమునకు మాత్రమే పనికివచ్చుట తెలంగాణోద్యమమున వినబడిన మనస్తాపములలో ఒకటి. 2014లో రాష్ట్రమేర్పడిన తరువాత కాళోజీ నారాయణరావు జన్మదినమగు సెప్టెంబరు 9 తెలంగాణ భాషాదినోత్సవమైనది. రామమూర్తి పంతులుగారి జన్మదినము ఆగస్టు 29 తెలుగు భాషాదినోత్సవము. పదునొకండు దినముల యెడముతో జరుగు ఈ రెండు పండుగలు ఒకే ప్రశ్నను అడుగుచున్నవి: ఎవరి నోటి మాట తెలుగు?

ఈ ప్రశ్నకు శాస్త్రీయమైన మార్గమొకటి మన విద్వాంసులు చూపియేయున్నారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వ్యవసాయపదములతో మాండలికవృత్తిపదకోశమును ఆరంభించినపుడు, రైతు నోట వినబడిన మాటను ఏ ప్రాంతమున వినబడినదో ఆ ప్రాంతముతో నమోదుచేసిరి. నాగలి భాగమునకు నాలుగు జిల్లాలలో నాలుగు పేర్లున్నచో నాలుగును ప్రమాణములే. అందు గ్రామ్యమునకు చోటు లేదు, శిష్టమునకును చోటు లేదు.

ఈ వ్యాసమే గ్రంథభాషలో నడచుట చూచి చదువరి నవ్వుకొనవచ్చును. గ్రంథభాషను నిందించుట నా ఉద్దేశము కాదు. వివాదములలోని పేర్లను మనము పరికరములుగా స్వీకరించి చరిత్ర వ్రాయుచున్నాము. అవి పరికరములు కావు, సాక్ష్యములు. ‘గ్రామ్యము’ అని ఎవరు, ఎప్పుడు, ఎవరి నెదుట, ఏమి కోరి పలికిరని అడిగిననాడే ఆ వివాదచరిత్ర ఆరంభమగును. అట్లడుగక ఆ పదమునే మన వ్యాసమున వాడుకొంటిమేని, నూఱేండ్లనాటి సభలో మనమును ఒక పక్షమునకు చేయెత్తినవారమే అగుదుము.