వంపు తిరిగే బంతి - విసిరే మోచేయి

అమెరికాలో బేస్‌బాల్ ఆటకు మన దేశములో క్రికెట్టుకు ఉన్నటువంటి ఆదరణ ఉన్నది. క్రికెట్టులో బౌలరు ఎటువంటివాడో ఆ ఆటలో పిచ్చరు అటువంటివాడు. ఐతే ఇద్దరికీ ఒక ముఖ్యమైన భేదమున్నది. బౌలరు మోచేతిని చాపి బంతి వేయవలెను. బంతి సాధారణముగా నేలను తాకి లేచును. పిచ్చరు మోచేతిని వంచి, కొరడా ఝళిపించినట్లు విసరవచ్చును. బంతి నేలను తాకకుండా నేరుగా బ్యాటరును చేరవలెను. కావున పిచ్చరుకు నేల సహాయము లేదు. బంతి వంపు తిరగవలెనన్న గాలిలోనే తిరగవలెను.

ఈ విద్యను యువకులకు నేర్పడములో భౌతికశాస్త్రము ఎంత ఉన్నదో శరీరధర్మశాస్త్రమూ అంతే ఉన్నది. మొదటిది ముందుగా తెలిసినది. రెండవది తెలియడానికి ఎందరో యువకుల మోచేతులు చెడిపోవలసి వచ్చినది.

టెన్నిసు బంతిని ఏటవాలుగా కొట్టితే అది వంపు తిరిగి పోవునని న్యూటన్ 1672లోనే వ్రాసినాడు. 1742లో బెంజమిన్ రాబిన్స్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు తుపాకి గుండ్లు గురి తప్పడానికి వాని భ్రమణమే కారణమని చూపినాడు. ఆయన చేసిన ప్రయోగాన్ని ఏ పాఠశాలలోనైనా చేసి చూడవచ్చును. ఒక బంతిని రెండు పేటల దారముతో వ్రేలాడదీసి, దారమును బాగుగా మెలిపెట్టి, లోలకము వలె ఊగనీయవలెను. మెలి విడుచున్నకొలది బంతి గిరగిర తిరుగును. ఊగే తలము కూడ క్రమముగా ఒక ప్రక్కకు మళ్లును. మెలిని వ్యతిరేక దిశలో పెట్టితే రెండవ ప్రక్కకు మళ్లును. ఈ రాబిన్స్ తరువాత ఈస్టిండియా కంపెనీలో ఇంజనీరుగా నియమితుడై మన చెన్నపట్టణపు తీరానికి వచ్చి, 1751లో కడలూరు వద్ద సెంట్ డేవిడ్ కోటలో మరణించినాడు. నూరేండ్లకు పైగా గడచిన తరువాత, 1852లో, జర్మనీలో మాగ్నస్ ఇదే విషయమును పరిశోధించగా, ఆ ఫలితమునకు ఆయన పేరే నిలిచిపోయినది. న్యాయముగా అది రాబిన్స్‌కు దక్కవలసిన పేరు.

కారణము కష్టమైనది కాదు. తిరిగే బంతి తన వెనుక వచ్చే గాలిని ఒక ప్రక్కకు నెట్టును. న్యూటన్ మూడవ సూత్రము ప్రకారము గాలి బంతిని రెండవ ప్రక్కకు నెట్టును. బంతి ముందుభాగము ఏ వైపు తిరుగుచున్నదో బంతి ఆ వైపునకే వంగునని గుర్తుంచుకొంటే చాలును. ముందుభాగము క్రిందికి తిరిగితే బంతి త్వరగా క్రిందికి దిగును. వంపు బంతిలోని కిటుకు ఇదే. ముందుభాగము పైకి తిరిగితే బంతి దిగడము తగ్గును.

ఒక చిన్న లెక్క చూడుడు. పిచ్చరు నిలుచు పలకకు బ్యాటరు వద్దనున్న పలకకు దూరము 60 అడుగుల 6 అంగుళాలు. ఇది 1893లో నిర్ణయింపబడినది. గంటకు 95 మైళ్ల వేగముతో విసిరిన బంతికి ఈ ప్రయాణము సుమారు 0.4 సెకను పట్టును. గురుత్వాకర్షణ ఒక్కటే ఉన్నచో ఆ కాలములో బంతి రెండున్నర అడుగులు దిగవలెను. వెనుకకు బాగుగా తిరిగే వేగపు బంతి విషయములో గాలి అందులో సుమారు అడుగున్నర తగ్గించివేయును. బంతి పైకి లేచినదని బ్యాటర్లు అంటారు. అది లేవలేదు, వారు అనుకొన్నంత దిగలేదు.

శాస్త్రజ్ఞుల గ్రంథాలు చదివి ఎవరూ వంపు బంతిని కనిపెట్టలేదు. 1863 వేసవిలో బ్రూక్లిన్‌లో పదునాలుగేండ్ల కమింగ్స్ అనే బాలుడు సముద్రతీరమున ఆల్చిప్పలు విసరుచు, అవి వంపు తిరిగి పోవడము చూచి, బంతిని కూడ అట్లు పంపవచ్చునా అని ఆలోచించెనట. 1867లో హార్వర్డు జట్టుపై ఆడినప్పుడు తన వంపు బంతి మొదటిసారి ఫలించినదని తరువాత అతడే వ్రాసుకొన్నాడు. ఈ ఘనత తమదేనని వాదించినవారు మరికొందరు ఉన్నారు.

విచిత్రమేమనగా, బంతి నిజముగా వంపు తిరుగునా, లేక అది దృష్టిభ్రమయా అనే చర్చ 1940ల వరకు సాగుచునే ఉన్నది. 1941లో లైఫ్ పత్రిక ఛాయాచిత్రాలు ప్రకటించి సందేహమును వెలిబుచ్చినది. 1959లో లైమన్ బ్రిగ్స్ దీనిని కొలిచి తేల్చినారు. ఆయన అమెరికా ప్రమాణాల సంస్థకు పూర్వపు అధ్యక్షుడు, ఎనుబదేండ్లు దాటిన వృద్ధుడు. బంతి ఎంత వేగముగా తిరుగుచున్నదో తెలిసికొనడానికి ఆయన చేసిన పని చాల సులభమైనది. ఒక పొడవైన పలుచని పట్టీని బంతికి అంటించి, రెండవ కొసను బిగించి, పిచ్చరుచేత బంతిని విసిరించినాడు. తరువాత పట్టీలో ఎన్ని మెలికలు పడినవో లెక్కించినాడు. వాయు సొరంగములో తిరిగే బంతులను గాలికి అడ్డముగా జారవిడిచి, అవి ఎంత ప్రక్కకు పోవునో కొలిచినాడు. 60 అడుగుల దూరములో బంతి పదిహేడున్నర అంగుళాల వరకు వంపు తిరుగగలదని తేలినది.

పిచ్చర్లను తయారు చేసే పద్ధతి మాత్రము అప్పటికే వేరొక దారిన పెరిగినది. 1920లలో సెయింట్ లూయిస్ జట్టు నిర్వాహకుడైన బ్రాంచ్ రిక్కీ చిన్న ఊళ్ల జట్లను తన జట్టుకు అనుబంధముగా చేర్చి, యువకులను అక్కడ ఆడించి, ఆరితేరినవారిని పైకి తీసికొనే ఏర్పాటు చేసినాడు. నారుమడి వంటిది గనుక అమెరికనులు దానిని పొలమనే పిలిచినారు. 1940 నాటికి ఆయన క్రింద 30కి పైగా జట్లు ఉన్నవి. తరువాత బ్రూక్లిన్ జట్టుకు వచ్చి, 1948 నుండి ఫ్లారిడాలోని వీరో బీచిలో శిక్షణ నడిపించినాడు. రెండు గుంజల నడుమ దారాలు కట్టి, బంతి పోవలసిన చోటును చతురస్రముగా గుర్తించి, దానిలోనుండి బంతిని పంపమనేవాడు. ఖర్చు లేని ఉపకరణమే గాని, తప్పు ఎక్కడ జరిగినదో విసిరినవానికి వెంటనే తెలియును.

ఈ నారుమడిలో పెరగని యువకుని కథ శాండీ కోఫాక్స్‌ది. 1954 డిసెంబరులో బ్రూక్లిన్ జట్టు 14,000 డాలర్ల బహుమానమిచ్చి అతనిని చేర్చుకొన్నది. 4,000 డాలర్లకు మించి తీసికొన్న యువకుని రెండేండ్లు పెద్ద జట్టులోనే ఉంచవలెనని అప్పటి నియమము. అందువలన 19 ఏండ్ల వాడు, నేర్చుకొనే వయస్సులో, ఎక్కువ భాగము బల్లమీద కూర్చున్నాడు. బంతి మెరుపు వలె పోయేది, కాని ఎక్కడికి పోవునో అతనికే తెలియదు. మొదటి ఆరు సంవత్సరాలలో గెలుపులు 36, ఓటములు 40. 1961 వసంతకాలపు శిక్షణలో నార్మ్ షెర్రీ అనే క్యాచరు, అంత బలముగా విసరవద్దని, కొంచెము తగ్గించి వంపు బంతులు కలిపి చూడమని చెప్పినాడు. ఆ ఏడు 18 గెలుపులు వచ్చినవి. మా ప్రయోగశాలలో స్క్రూగేజిని బలముగా బిగించే విద్యార్థికి సరియైన కొలత ఎప్పుడూ రాదు. కోఫాక్స్ కథ చదివినప్పుడు నాకు అదే జ్ఞాపకము వచ్చును. 1965లో అతడు 382 మంది బ్యాటర్లను బంతి కొట్టనీయకుండ వెనుకకు పంపినాడు. 1966లో 27 ఆటలు గెలిచినాడు. అదే సంవత్సరము నవంబరులో, 30 ఏండ్ల వయస్సులో, ఎడమ మోచేతి కీలువాపు వలన ఆట మానుకొన్నాడు. ఆట ముగియగానే చేతిని మంచునీటిలో ముంచుటయు, నొప్పికి సూదిమందు వేయించుకొనుటయు అప్పటికి అతనికి నిత్యకృత్యములైనవి.

అసలు ఆ మోచేతిలో ఏమి జరుగును? భుజాస్థిని అరత్నితో లోపలి వైపున కలిపే ఒక సంధిబంధనము ఉన్నది. విసరేటప్పుడు ముంజేయి వెనుకకు వంగి, అంతలోనే ముందుకు దూకును. అప్పుడు భుజము సెకనుకు సుమారు 7,000 డిగ్రీల కోణీయ వేగముతో తిరుగును. ఆ క్షణమున మోచేతిపై పడే బల భ్రామకము వయోజనులలో సుమారు 64 న్యూటన్ మీటర్లు. ముంజేయి పొడవు 30 సెంటీమీటర్లనుకొంటే, చేతి కొసన 22 కిలోల బరువు కట్టి ప్రక్కకు లాగినట్లు. శవాలనుండి తీసిన సంధిబంధనాలను పరీక్షించగా సుమారు 32 న్యూటన్ మీటర్లకే తెగినవి. మిగిలిన భారమును చుట్టునున్న కండరాలు మోయవలెను. అలసిన కండరము తన వంతు మోయలేదు. పైగా, అభ్యాసముతో కండరము బలిసినట్లు ఈ బంధనము బలియదు.

ఇది తెగితే 1974 వరకు ఆట ముగిసినట్లే. ఆ సంవత్సరము సెప్టెంబరులో లాస్ ఏంజిలిస్ జట్టు పిచ్చరు టామీ జాన్‌కు వైద్యుడు ఫ్రాంక్ జోబ్ కుడి ముంజేతినుండి ఒక స్నాయుబంధనమును తీసి, ఎడమ మోచేతి ఎముకలకు రంధ్రాలు చేసి, వానిగుండా దానిని కట్టినాడు. ఫలించే అవకాశము నూటికి ఒకటి అనుకొన్నారు. జాన్ 1976లో తిరిగి వచ్చి 1989 వరకు ఆడినాడు. అతని 288 గెలుపులలో 164 ఈ శస్త్రచికిత్స తరువాత వచ్చినవే. వైద్యములో ఇది గొప్ప విజయము. ఐతే తెగినా కుట్టవచ్చునన్న ధైర్యము కూడ దానితో వచ్చినది. అది మంచిదని నేను అనుకోను.

బాలుర విషయము ఇంకను సున్నితము. వారిలో ఎముక పెరిగే చోటనున్న మృదులాస్థి బంధనముకంటె బలహీనము; బంధనము తెగకముందే ఆ భాగము ఊడును. 1960లోనే వైద్యులు దీనిని బాలుర పోటీల పేరుతో ‘లిటిల్ లీగు మోచేయి’ అన్నారు. వంపు బంతి విసరడమే దీనికి కారణమని చాలకాలము నమ్మినారు. 1987లో అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో నెలకొన్న క్రీడావైద్య సంస్థలో కొలిచి చూడగా, వంపు బంతికంటె వేగపు బంతే మోచేతికి తక్కువ కాని భారమును కలిగించుచున్నదని తెలిసినది. నిజమైన శత్రువు సంఖ్య, అలసట. ఏడాదికి 100 ఇన్నింగ్సులకు మించి విసిరిన బాలురకు తీవ్రమైన దెబ్బ తగులు అవకాశము మూడున్నర రెట్లు. తరచు చేయి అలసిన తరువాత కూడ విసరిన వారికి శస్త్రచికిత్స అవసరమగు అవకాశము 36 రెట్లు.

ఇటీవలి మార్పులు త్వరత్వరగా వచ్చినవి. 2006 తరువాత బంతి మార్గమును కెమేరాలు కొలువసాగినవి. 2015 నుండి రాడారు, 2020 నుండి మన క్రికెట్టు ప్రేక్షకులెరిగిన హాక్-ఐ. అభ్యాసములోనే వేలి పట్టును కొద్దిగా మార్చి, భ్రమణాక్షము ఎట్లు మారినదో తెరపై వెంటనే చూడవచ్చును. రిక్కీ దారాల పనిని ఇప్పుడు ఈ తెరలు చేయుచున్నవి. పూర్వము నాలుగేండ్లు పట్టిన కొత్త బంతి ఇప్పుడు కొన్ని వారాలలో రావచ్చును. వేగపు బంతి సగటు 2008లో గంటకు సుమారు 92 మైళ్లు. 2020లలో 94 దాటినది. 2024 డిసెంబరులో బేస్‌బాల్ పెద్ద సంఘమే ఒక నివేదికలో, వేగముకొరకు, భ్రమణముకొరకు ప్రతి బంతికీ పూర్తి శక్తిని వెచ్చించడము దెబ్బలు పెరగడానికి ముఖ్య కారణమని ఒప్పుకొన్నది. వేగమును కొలిచే యంత్రము ప్రతి మైదానములో ఉన్నది. బంధనము ఈ దినము ఎంత అరిగినదో బంతి బంతికీ చెప్పే యంత్రము ఎక్కడా లేదు.

లిటిల్ లీగు వారు 2007 నుండి ఇన్నింగ్సులకు బదులు బంతులనే లెక్కించుచున్నారు. పదేండ్ల బాలుడు ఒక దినములో 75, పన్నెండేండ్లవాడు 85 బంతులకు మించి విసరరాదు; ఎక్కువ విసిరినవానికి విరామ దినాలు తప్పనిసరి. ప్రతి ఆటలో ఒకరు ప్రక్కన కూర్చుని లెక్క వ్రాయుదురు. ఐతే వేసవిలో ప్రతిభగల బాలుడు బడి జట్టుకు, ఊరి జట్టుకు, ఎంపికల పోటీలకు కూడ పోవును. మూడు చోట్ల మూడు పుస్తకాలలో మూడు అంకెలు వ్రాయబడును. వానిని కూడేవారు ఆ మైదానాలలో ఉండరు. ఆ కూడిక తల్లిదండ్రులే ఇంటిలో చేసికొనవలసి ఉన్నది.