ఛార్జిషీటుకు ముందు: యాదగిరిగుట్ట కేసు, ప్రాసిక్యూటర్ బాధ్యత

2018 జులై 30న రాచకొండ పోలీసులు యాదగిరిగుట్ట గణేశ్‌నగర్‌లోని వ్యభిచార గృహాల్లో సోదాలు చేసి 11 మంది ఆడపిల్లలను కాపాడారు. వాళ్లలో బడి ఈడు రాని పసివాళ్లూ ఉన్నారు. తొందరగా ఎదిగినట్టు కనిపించడానికి హార్మోన్ ఇంజెక్షన్లు ఇప్పించారని పోలీసులు ప్రకటించారు. దేశమంతా ఆ ఇంజెక్షన్ల గురించే మాట్లాడింది. పక్కింట్లో ఒక పిల్లను హింసిస్తున్నారని స్థానికులు ఇచ్చిన సమాచారంతో కేసు కదిలిందన్న సంగతి మరుగున పడింది. ఆ వీధిలో అంతకుముందూ దాడులు జరిగాయి, కేసులు నడిచాయి. అయినా వ్యాపారం ఆగలేదు. ఇన్నేళ్లూ ఆ వీధికీ ప్రభుత్వ న్యాయవాదికీ మధ్య సంబంధం ఏమిటన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పోలీసుల చేతి కింద ఉండే ప్రాసిక్యూషన్‌ను 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ విడదీసింది. 2005 సవరణ ప్రాసిక్యూషన్ డైరెక్టరేట్‌కు దారి వేసింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 20వ సెక్షన్‌లో డైరెక్టర్ మొదలు అసిస్టెంట్ డైరెక్టర్ దాకా ఎవరు ఏ కేసులు చూడాలో, శిక్షాకాలాన్ని బట్టి రాసి ఉంది. కేసులు త్వరగా తేల్చడం, అప్పీళ్లపై అభిప్రాయం చెప్పడం ఉన్నాయి గానీ నేరం జరిగిన ఊరి ఊసు లేదు. దర్యాప్తులో ప్రాసిక్యూటర్ తలదూర్చకూడదని సుప్రీంకోర్టు ఆర్. సరళ కేసులో (2000) స్పష్టం చేసింది. ఆ హద్దు అవసరమే. కానీ దర్యాప్తు చేయకపోవడం వేరు, వీధి ముఖమే చూడకపోవడం వేరు.

అనైతిక వ్యాపార నిరోధక చట్టం స్థానికులను మొదటినుంచీ లెక్కలోకి తీసుకుంది. 15వ సెక్షన్ ప్రకారం సోదాకు ఆ ప్రాంతపు పెద్దమనుషులు ఇద్దరైనా సాక్షులుగా ఉండాలి, వారిలో ఒకరు స్త్రీ కావాలి. ఆ స్త్రీ మాత్రం అదే ప్రాంతం నుంచి రానక్కర్లేదు. పక్కింటామె మీద పడే ఒత్తిడి తెలిసిన సడలింపు ఇది. పంచనామా మీద సంతకం పెట్టిన కిరాణా కొట్టతన్ని ఊహించండి. కేసు భువనగిరి కోర్టులో విచారణకు వచ్చేసరికి ఏళ్లు గడుస్తాయి. ఈలోగా నిందితులు బెయిల్ మీద అదే వీధిలో తిరుగుతుంటారు. ప్రాసిక్యూటర్ అతన్ని మొదటిసారి చూసేది బోనెక్కే రోజునే. అతను ‘నాకేం తెలియదు’ అంటే తప్పంతా అతనిదని నేను అనలేను.

17ఏ సెక్షన్ ఇంకా ముఖ్యం. విడిపించిన పిల్లలను తల్లిదండ్రులమని వచ్చినవాళ్లకు అప్పగించే ముందు గుర్తింపు పొందిన సంక్షేమ సంస్థతో మేజిస్ట్రేటు విచారణ జరిపించవచ్చు. గుట్ట కేసులో అసలు తల్లులెవరన్నదే పెద్ద ప్రశ్న. జవాబు సగం వీధిలోనే దొరుకుతుంది.

వీధికి దగ్గరగా పనిచేసిన ప్రాసిక్యూటర్‌కు ఉదాహరణ వేరే చోట ఉంది. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో డిస్ట్రిక్ట్ అటార్నీ మైకేల్ ష్రంక్ 1990లో లాయిడ్ ప్రాంతానికి ఒక ప్రాసిక్యూటర్‌ను ప్రత్యేకంగా కేటాయించారు. మత్తుమందులమ్మే ఇళ్ల మీద ఇరుగుపొరుగు రాసిపెట్టుకున్న వివరాలు సోదా వారంట్లకు ఆధారమయ్యేలా చూశారు. అయితే ఆ ఉద్యోగానికి మొదట్లో డబ్బు పెట్టింది అక్కడి వ్యాపారులు. ఇది మనం మరచిపోకూడదు. ఎందుకంటే యాదగిరిగుట్టలోనూ అదే ప్రమాదం ఉంది. పునర్నిర్మాణం తర్వాత 2022 మార్చి 28న గుట్ట మీది ఆలయం తెరుచుకుంది, గుట్ట కింద భూమికి గిరాకీ పెరిగింది. లాడ్జీల వాళ్లూ స్థలాల వ్యాపారులే ‘స్థానికులు’ అయితే అనైతిక వ్యాపార నిరోధక చట్టంలోని 18వ సెక్షన్ వీధిని ఖాళీ చేయించే సాధనంగా మారుతుంది.

గుడికి, బడికి 200 మీటర్లలోపు ఉన్న వ్యభిచార గృహానికి ఆ సెక్షన్ కింద నోటీసు ఇస్తారు. సంజాయిషీకి ఏడు రోజులు గడువు. లోపలున్న ఆడవాళ్లు ఎక్కడికి పోవాలో అందులో లేదు. ఈ వృత్తిలోని వారికీ గౌరవంగా బతికే హక్కుందని 2022 మే 19న సుప్రీంకోర్టు బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో గుర్తుచేసింది. కాబట్టి ఆ ఏడు రోజుల్లో ప్రాసిక్యూటర్ వీధికి వెళ్లి నిర్వాహకులెవరో, బాధితులెవరో విడదీసి మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. సాక్షులకు రక్షణ అడగాలి. పునరావాసం తేలేదాకా ఆ స్త్రీలను వీధిన పడేసే ఉత్తర్వు వద్దని ప్రభుత్వం తరఫునే చెప్పాలి.