‘వరం’: ఒక రూపం, మూడు మూలాలు

రాయవరం, ముమ్మిడివరం పేర్లు వినగానే దేవతలిచ్చే వరం స్ఫురిస్తుంది. ఆ ‘వరం’ ఎన్నుకోవడమనే అర్థంగల సంస్కృత ‘వృ’ ధాతుజన్యం. వరుడు కూడా అందులోంచి వచ్చినవాడే. రామేశ్వరంలోని ‘వరం’ ఈశ్వర శబ్దశేషం. మద్రాసు చెంతనున్న పల్లవరంలోనిది ‘పురం’, పల్లవపురమే పల్లవరమైంది.

ఊరు, పల్లె కలిసి ‘ఊరువల్లెలు’ అయినట్లు పకారం వకారం కావడం తెలుగుకు సహజమే. ‘రాయ’ శబ్దం ‘రాజ’కు ప్రాకృతం మీదుగా వచ్చిన తద్భవం. కనుక రాయవరాన్ని ‘రాజపురం’గా అన్వయించడం భాషాశాస్త్రరీత్యా సంగతమే. అయితే ధ్వనిసామ్యం సూచన మాత్రమే, ప్రమాణం కాదు. ప్రతి ‘వరం’ మూలాన్నీ దాని ప్రాచీన శాసనరూపంతోనే నిర్ణయించాలి. లేకుంటే జనవ్యుత్పత్తి స్థలపురాణమై గ్రామచరిత్రను కప్పేస్తుంది.