ఘాజీని ఎవరు ముంచారు? జాలరిపేటలో యుద్ధ సినిమాల వాదం

విశాఖ తీరంలోని జాలరిపేట మీద రాసినవాళ్లకు అక్కడ అమ్మవారు కనిపించింది, పూనకం కనిపించింది, అన్నదమ్ముల తగువు కనిపించింది. సినిమా మాత్రం కనిపించలేదు. వేట నుంచి వచ్చి వల ఆరేసుకున్న మనిషి సాయంత్రం జగదాంబ థియేటర్‌కో లీలామహల్‌కో వెళ్లి ఉంటాడనీ, మర్నాడు పడవ మీద ఆ సినిమాను చీల్చి చెండాడి ఉంటాడనీ మన మానవశాస్త్రానికి తోచలేదు. ఈ వ్యాసం ఆ లోటు మీద ఫిర్యాదుతో మొదలవుతోంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధ కాలంలో మరబోట్లన్నీ హార్బర్లో కట్టేసి ఉంటాయి. వలలు బాగుచేసుకుంటూ జనం ఒకచోట కూర్చునే ఆ 61 రోజుల్లో నడిచే వాదాల్లో ఒకటి, ఏ యుద్ధ సినిమా గొప్పది, ఏది పనికిమాలినది అన్నది. అది ఊసుపోక కబురని నేను అనుకోను. అది ఒక విమర్శ పద్ధతి అని నా ప్రతిపాదన.

చార్లెస్ నకల్స్‌తో తేల్చుకోకుండా ముందుకు పోవడం కుదరదు. 1980లలో విశాఖ జాలరుల మధ్య పనిచేసిన ఈ అమెరికన్ మానవశాస్త్రజ్ఞుడు 1996లో ‘ది కల్చరల్ డయలెక్టిక్స్ ఆఫ్ నాలెడ్జ్ అండ్ డిజైర్’ ప్రచురించాడు. ఆయన పట్టుకున్న సూత్రం గట్టిదే. జాలరి ఏ నష్టాన్నీ ‘అదంతే’ అని వదిలెయ్యడు. వలలో చేప పడకపోయినా, పిల్లకు జ్వరం తగ్గకపోయినా కారణం వెతుకుతాడు. మామూలు కారణం చాలకపోతే ఇంట్లో ఎవరికెవరితో పట్టింపు వచ్చింది, ఏ మొక్కు బాకీ పడింది, ఏ అమ్మవారు అలిగింది అని ఒక్కో మెట్టూ వెనక్కి దిగుతాడు. ఇంతవరకు నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ ఆలోచనా శక్తిని నకల్స్ జబ్బుల దగ్గరా గుడి గడప దగ్గరా కట్టిపడెయ్యడంతోనే. ఆయన పుస్తకాన్ని నడిపించేవి అమ్మవార్లూ రక్తసంబంధాలూ. యుద్ధానికీ సినిమాకీ అందులో పీట లేదు. ఆయన వచ్చేనాటికి పట్టుమని పదిహేనేళ్లయినా నిండకముందే ఆ సముద్రంలో ఒక జలాంతర్గామి పేలి మునిగింది. ఆ వారం వేటకు వెళ్లిన మగవాళ్లు అప్పటికి నడివయసులో ఉన్నారు. కారణాల అన్వేషణ మీద పుస్తకం రాసే మనిషికి అంతకంటే మంచి ప్రశ్న ఎదురుగా ఉంటుందా? దేవత కోపం గురించి చెప్పే జాలరి కనిపించాడు గానీ టార్పెడో గురించి వాదించే జాలరి కనిపించలేదు. బయటినుంచి వచ్చినవారి చూపులో ఇది పాత జబ్బే.

మనవాళ్లూ తక్కువ తినలేదు. తెలుగు సినీ అభిమానుల మీద విలువైన పని చేసిన ఎస్.వి. శ్రీనివాస్ అభిమాని ఉత్త భక్తుడు కాడనీ, అతని విధేయతలోనే ధిక్కారం ఉందనీ నిరూపించారు. కానీ 2009లో వచ్చిన ‘మెగాస్టార్’ పుస్తకంలోనూ అభిమాని హీరో చుట్టూ తిరిగేవాడే. హీరో ఎవరన్నది పక్కనబెట్టి సముద్రం నిజంగా ఉందా లేదా అని అడిగే ప్రేక్షకుడికి ఆ చట్రంలో చోటు లేదు.

ఘాజీ మునిగిన 1971 డిసెంబర్ 3-4 అర్ధరాత్రి సంగతి విశాఖవాసులకు చెప్పనక్కర్లేదు. బీచిలో ‘విక్టరీ ఎట్ సీ’ స్తూపం ఉంది, కురుసుర మ్యూజియం ఉంది, డిసెంబర్ 4న నేవీ డే ఉంది. (ఆ తేదీ పెట్టుకున్నది కరాచీ మీద దాడికి గుర్తుగా; విశాఖలో సగం మంది అది ఘాజీ కోసమే అనుకుంటారు.) వాదం ఆ పై మెట్టు మీద మొదలవుతుంది. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఎలా మునిగింది? మన నౌకాదళం మాట ప్రకారం హార్బర్ నుంచి బయటికి వెళ్తున్న యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జ్‌ల వల్ల. పాకిస్తాన్ మాట ప్రకారం అది పరుస్తున్న మందుపాతరల్లోనే ఒకటి పేలి. బ్యాటరీల నుంచి వచ్చిన వాయువు లోపల పేలి ఉంటుందన్నది మూడో వాదం. సినిమాది నాలుగోది.

ఆ నాలుగో కారణమే జాలరిపేటలో రచ్చ. సంకల్ప్ రెడ్డి తీసిన ‘ఘాజీ’ 2017 ఫిబ్రవరి 17న విడుదలైంది. ఆ ఏటి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం తెచ్చుకుంది. ఎస్-21 అనే భారత జలాంతర్గామి ఘాజీని నీళ్లకింద ఎదుర్కొని టార్పెడోతో ముంచినట్టు కథ. ఐఎన్ఎస్ రాజ్‌పుత్‌కు దక్కాల్సిన పేరు రానా దగ్గుబాటి, కే కే మీనన్‌లు నడిపే పడవకు పోయింది. పత్రికల్లో విమర్శకులు చాలామంది బిగువైన కథనం అన్నారు, పాటలు లేకుండా తీసిన ధైర్యాన్ని మెచ్చుకున్నారు. జాలరిపేటలో కూడా చాలామందికి ఇదే అన్నిటికంటే మంచి యుద్ధ సినిమా. చిత్రంగా, అన్నిటికంటే చెడ్డది ఏదంటే అదే మనుషులు చెప్పేదీ ఇదే.

ఒక సాయంత్రం వల బాగుచేస్తున్నవాళ్ల దగ్గర ఈ వాదం నడిచిన తీరు చెబుతాను. వ్యాపార నౌకల్లో పనిచేసి సెలవు మీద వచ్చిన కుర్రాడు ఫోన్లో ‘ఘాజీ’ చివరి భాగం పెట్టాడు. పక్కన ముసలి సరంగు వల అల్లే సూదిని పళ్ల మధ్య పెట్టుకుని రెండు చేతులతో చిరుగు విప్పి చూస్తున్నాడు. ఫోన్ వైపు చూడలేదు, విన్నాడు. సోనార్ చప్పుడు వచ్చినప్పుడు తల ఊపాడు. పేలుడు అయిపోగానే సూది తీసి, “మరి నూనేదిరా? పొద్దున్న నూనె సూసినోలేరీ?” అన్నాడు. “సినిమా అయిపోనాది కద మామా” అన్నాడు కుర్రాడు. “అయిపోనేదు. నూనె తేల్తేనే మునిగినట్టు. తేలకముందు ముంచీసినాం అంటే ఎవుడు నమ్ముతాడు?”

నా దృష్టిలో తెలుగులో యుద్ధ సినిమా మీద వచ్చిన అతి గట్టి విమర్శ వాక్యాల్లో ఇదొకటి. దాని బలం తెలియాలంటే ఆ తెల్లవారుజామును గుర్తు చేసుకోవాలి. తీరానికి దగ్గర్లో పెద్ద పేలుడు వినిపించింది, ఒడ్డున ఇళ్ల కిటికీ అద్దాలు అదిరాయి. కానీ ఏం పేలిందో ఆ చీకట్లో ఎవరికీ తెలియదు. పొద్దున నీళ్ల మీద నూనె తెట్టె, తేలుతున్న సామాను చూసి కబురు చెప్పింది స్థానిక మత్స్యకారులు. తర్వాతే గజ ఈతగాళ్లు దిగారు. తర్వాతే అది ఘాజీ అని రూఢి అయింది. డిసెంబర్ 9న గాని ప్రభుత్వం ప్రకటించలేదు. అంటే విజయం విజయమని తేలడానికి మొదటి సాక్షులు జాలరులు. సినిమాకు ఆ పొద్దు అవసరపడలేదు. జాతీయ గీతం పాడే నావికుల గొంతులు ఉన్నాయి, చిరంజీవి వ్యాఖ్యానం ఉంది. నూనె చూసిన మనిషి గొంతు లేదు. ఇది దర్శకుడి మతిమరుపని నేను అనను. తీరప్రాంత యుద్ధాన్ని నౌకాదళం వారి సొంత ఆస్తిగా మార్చే పని సినిమా చేస్తోంది.

సరంగు అడిగిన రెండో ప్రశ్న ఇంకా లోతైనది: ఏ కొండకు ఎదురుగా? యంత్రాలు రాకముందు జాలరి సముద్రంలో చోటు పట్టింది ఒడ్డు మీది గుర్తులతోనే. డాల్ఫిన్ నోస్, సింహాచలం కొండ, కైలాసగిరి ఇలాంటివాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చూసి, ఫలానా చోట రాయి ఉంది, ఫలానా చోట వల వెయ్యకూడదు అని లెక్క వేసుకునేవారు. మునిగిన ఓడ అంటే వాళ్లకు వల చిరిగే చోటు, చేప చేరే చోటు కూడా. ‘ఘాజీ’లో ఒడ్డు లేదు. కెమెరా ఇనప గొట్టం లోపలే ఉంటుంది, బయట ఉన్నదల్లా నీలి చీకటి. అది విశాఖ కావచ్చు, మర్మాన్స్క్ కావచ్చు. జర్మన్ దర్శకుడు వోల్ఫ్‌గాంగ్ పీటర్సన్ 1981లో తీసిన ‘దాస్ బూట్’లోనూ కెమెరా లోపలే కదా అని వ్యాపార నౌకల కుర్రాళ్లు వాదిస్తారు, దానికి జవాబు కూడా వాళ్లలోనే ఉంది. ఆ సినిమాలో పడవ చివరికి రేవుకు చేరుతుంది, రేవులోనే మునుగుతుంది. చోటు తెలుస్తుంది.

ఈ వాదాన్ని జాలరుల వృత్తి చాదస్తంగా కొట్టిపారెయ్యకుండా ఉత్తరాంధ్ర యుద్ధ స్మృతిలో పెట్టి చూడాలి. ఇక్కడ పెద్దతరాన్ని ఏది గొప్ప యుద్ధ సినిమా అని అడిగితే ‘బొబ్బిలి యుద్ధం’ అంటారు. 1964 నాటి ఆ సినిమాలో ఎన్టీఆర్ రంగారాయుడు, ఎస్వీ రంగారావు తాండ్ర పాపారాయుడు. 1986లో కృష్ణంరాజుతో దాసరి తీసిన ‘తాండ్ర పాపారాయుడు’ దాని ముందు నిలవదన్నది పేటలో దాదాపు ఏకాభిప్రాయం. ఎందుకని అడిగితే నటన గురించి చెబుతారని అనుకుంటాం. చెప్పరు. ఓటమికి కారణం ఎవరన్న లెక్క మొదటి సినిమాలో స్పష్టంగా ఉందంటారు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలడానికి ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులా, విజయనగరం రాజు విజయరామరాజు పగా, పాపారాయుడు రాజాంలో ఉండిపోవడమా అని తగువు పడడానికి అందులో వీలుంది. రెండోదానిలో కథంతా హీరో పౌరుషం చుట్టూనే తిరుగుతుంది. బుర్రకథలో బొబ్బిలి విన్న చెవులకు యుద్ధం అంటే తప్పెవరిదని తేల్చే తగువే. నకల్స్ జబ్బు దగ్గర విన్న తర్కం ఇదే. ఇక్కడ అమ్మవారి స్థానంలో బుస్సీ ఉన్నాడు, అంతే తేడా.

క్రిష్ 2015లో తీసిన ‘కంచె’ ఈ కొలతలో బాగానే గట్టెక్కింది. రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడే తెలుగు సైనికుడు ఊరి కులాల కంచెను వెంటబెట్టుకుని వెళతాడు కాబట్టి కారణం ఊళ్లో ఉందని, ఫలితం యూరప్‌లో ఉందని పేటలో కుర్రాళ్లు నాకే పాఠం చెప్పారు. దానికీ జాతీయ పురస్కారం వచ్చింది. ‘కంచె’ హీరో వరుణ్ తేజ్‌తోనే 2024లో వచ్చిన ‘ఆపరేషన్ వాలెంటైన్’ మాత్రం పేటవాళ్ల చెడ్డ సినిమాల జాబితాలో పైనే ఉంటుంది. విమానాలు బాగా ఎగిరాయట, ఎవరు ఎందుకు గెలిచారో మాత్రం తెలియలేదట. నాకూ అలాగే అనిపించింది. ‘ఉరి’, ‘మేజర్’ లాంటివాటికి ఈలలు కొట్టే కుర్రాళ్లు పేటలో బోలెడుమంది ఉన్నారనీ, ఆడవాళ్ల మాట ఈ వ్యాసంలోకి దాదాపు రాలేదనీ ఎవరైనా ఎత్తి చూపవచ్చు. అది మూల ప్రతిపాదనను కదల్చదు.

నా ప్రతిపాదన ఇది. తెలుగు ప్రేక్షకుడు యుద్ధ సినిమాను హీరోతో కొలవడు, దేశభక్తితో కొలవడు, కారణంతో కొలుస్తాడు. జాలరిపేటలో ఇది నగ్నంగా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ కారణం తప్పు పడితే వల పోతుంది, మనిషి పోతాడు. మిగతా తీరమంతా, భీమిలి నుంచి నిజాంపట్నం దాకా, ఇదే చూపు ఉంటుందని నాకు సందేహం లేదు. అంతేకాదు, బాక్సాఫీసు దగ్గర మన యుద్ధ సినిమాలు కొన్ని అంతంతమాత్రంగా ఆడడానికి అసలు కారణం ఇదేనని నా అనుమానం. నిర్మాతలు బడ్జెట్టు చాలలేదనుకుంటారు, చాలనిది లెక్క.

ఈ సముద్రంలో యుద్ధం ఒక్కసారే రాలేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి, ఊరు ఖాళీ అయింది. 1944 ఫిబ్రవరిలో జపాన్ జలాంతర్గామి ఆర్ఓ-110 ఇదే తీరంలో మునిగింది. 2024లో మన నౌకాదళం ఘాజీ శిథిలాన్ని తన సొంత పరికరాలతో గుర్తించినప్పుడు దీని సంగతి కూడా పత్రికల్లోకి వచ్చింది. అంటే విశాఖ ఎదుట రెండు దేశాల జలాంతర్గాములు పడి ఉన్నాయి. సినిమా ఒకదానికే వచ్చింది, అదీ తప్పు కారణంతో.

1971 డిసెంబర్‌లో ఇరవై ఏళ్లవాడికి ఇప్పుడు డెబ్బై దాటింది. ఆ రోజు నూనె చూసినవాళ్లు ఇంకా కొందరు పేటలో ఉండే అవకాశం ఉంది. లేకపోతే వాళ్ల కథ విన్న కొడుకులున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆ పేటకు నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. చరిత్ర శాఖ, మానవశాస్త్ర శాఖ, తెలుగు శాఖ కలిసి వచ్చే వేట నిషేధ కాలంలోనే వాళ్ల మాటలు రికార్డు చెయ్యాలని, అమ్మవారి గురించి అడిగేముందు ఘాజీ గురించి అడగాలని ఈ పత్రిక ద్వారా కోరుతున్నాను.