గిండీ ఇంజనీరింగు కళాశాల పుట్టుపూర్వోత్తరాలు

1794 మే 17వ తేదీన సెయింట్ జార్జి కోటలో ఎనిమిది మంది బాలురతో ఒక సర్వే పాఠశాల వెలసింది. భూములు కొలిచి పటాలు గీయగలవారు కుంఫిణీ ప్రభుత్వానికి కావలసివచ్చారు. అందుకు పూనుకొన్న మైఖేల్ టాపింగ్ తెలుగునాటికి పరాయివాడు కాడు. కృష్ణా గోదావరీ తీరాలను సర్వే చేసిన ఆయన 1796లో మచిలీపట్నంలోనే కన్నుమూశాడు.

ధవళేశ్వరం ఆనకట్ట వంటి నిర్మాణాలు వచ్చాక, కొలవడమే గాక కట్టడం కూడా తెలిసినవారు అవసరమయ్యారు. 1858లో అది సివిల్ ఇంజనీరింగు పాఠశాల అయింది. మరుసటి ఏడే యంత్రవిద్య చేరి కళాశాలగా ఎదిగింది. 1920లో చేపాక్ నుండి గిండీకి తరలింది. జలవనరుల నిపుణులు డాక్టర్ కె.ఎల్. రావు గారు ఇక్కడ చదివినవారే.

అయితే స్త్రీలకు ఆ తలుపులు తెరచుకోవడానికి నూట నలభై ఆరేండ్లు పట్టింది. అక్కడి ఎలక్ట్రికల్ ఆచార్యులు పప్పు సుబ్బారావు గారి కుమార్తె లలిత పద్దెనిమిదవ ఏటనే, ఒడిలో నాలుగు నెలల పసికందుతో, భర్తను కోల్పోయారు. ఆనాటి మన ఇళ్లలో అట్టి పడుచుకు మిగిలేది వంటింటి మూలయే గదా! తండ్రిగారు ప్రిన్సిపాలు చాకో గారిని ఒప్పించి, 1940లో ఆమెను తమ శాఖలోనే చేర్పించారు. సివిల్ శాఖలో లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా ఆమెకు తోడయ్యారు. లలితగారి పట్టాపై అచ్చయి ఉన్న 'అతడు' అనే మాటను కొట్టివేసి, చేతితో 'ఆమె' అని దిద్దవలసివచ్చింది. త్రేసియా 1971లో కేరళ చీఫ్ ఇంజనీరయ్యారు. లలితగారు భాక్రానంగల్ ప్రాజెక్టు విద్యుత్ పనులలో పాలుపంచుకొన్నారు.