భవన కార్మికుల్లో మద్యం అలవాటు: తాళం వేసి మాన్పించొద్దు

అడ్డా మీద పని దొరికితేనే ఆ రోజు కూలీ. స్లాబ్, సెంట్రింగ్ పనులతో ఒళ్లు నొప్పులు, పనిలేని రోజుల్లో దిగులు, పైన అప్పులు. వీటిని మర్చిపోవడానికి మొదలైన మందో, కల్లో మెల్లగా అలవాటైపోతుంది. నిద్ర పట్టకపోవడం, ఊరికే కోపం రావడం, పనికి పోబుద్ధి కాకపోవడం, ‘బతికి ఏం లాభం’ అనడం మనసు బాగోలేదనడానికి గుర్తులు.

పరువు పోతుందని కొందరు ఇంట్లోవాళ్లు విషయం దాచి, గదిలో పెట్టి తాళం వేస్తారు. ఇది ప్రమాదం. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగినవారు ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతి తప్పడం, ఒక్కోసారి ప్రాణాపాయం కూడా రావొచ్చు. అల్ప్రాజోలం కలిపిన కల్తీ కల్లుకు అలవాటు పడినవారికీ ఇదే ముప్పు. కాబట్టి డాక్టర్ చెప్పినట్టు మందులు వాడుతూనే మాన్పించాలి. ఫిట్స్ వస్తే వెంటనే 108కి ఫోన్ చేయాలి.

సాయం ఎక్కడ?

• టెలి మానస్: 14416. ఉచితం, 24 గంటలూ తెలుగులో మాట్లాడొచ్చు.
• మత్తు విముక్తి హెల్ప్‌లైన్: 14446.
• హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల.

ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగానే చూడాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. కేసు అవుతుందనే భయంతో ఆస్పత్రికి తీసుకెళ్లడం ఆపొద్దు.

మేస్త్రీలదీ బాధ్యతే. చేతులు వణుకుతున్న మనిషిని పరంజా ఎక్కించొద్దు. ఆ రోజుకి కింద పని ఇచ్చి, ఇంటికి కబురు పెట్టాలి.